కొలోన్ వెళ్లొచ్చాక మా జిమ్‌లో ఏం మారింది: ఒక కేస్ స్టడీ

2023 నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్‌లో మా జిమ్ మెంబర్ ఒకాయన ఎదురుపడ్డారు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆగస్టులో ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టారు, మూడు వారాలు క్రమం తప్పకుండా వచ్చారు, ఆ తర్వాత కనిపించలేదు. విశాఖలో పొద్దున్నపూట ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు. మా జిమ్‌కు అన్నిటికంటే పెద్ద పోటీ ఆ రోడ్డేనని నేను ఎప్పుడూ అంటుంటాను. పైసా ఖర్చు లేదు, పక్కనే సముద్రం, పలకరించేవాళ్లు బోలెడు మంది.

“బాబాయిగారూ, జిమ్‌కి రావడం మానేశారేం?” అని అడిగాను.

ఆయన కొంచెం ఇబ్బందిపడి, “ఏం లేదమ్మా. ఒక్కో మిషన్‌కి సీటు ఎంత ఎత్తు పెట్టుకోవాలో, బరువుల పిన్ను ఎక్కడ గుచ్చాలో గుర్తుండదు. రోజూ ఆ కుర్రాళ్లని అడగాలంటే మొహమాటం. వాళ్ల పనుల్లో వాళ్లుంటారు. ఇక్కడైతే ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు కదా” అన్నారు.

ఐదు నెలల తర్వాత ఆ మాటను పట్టుకునే నేను జర్మనీలోని కొలోన్‌లో జరిగే ఫిట్‌నెస్ ప్రదర్శనకు వెళ్లాను. విదేశాల్లో జరిగే కాన్ఫరెన్సులకు వెళ్తే జిమ్ నడిపేవాళ్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని తోటి మేనేజర్లు, ఓనర్లు నన్ను తరచూ అడుగుతుంటారు. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి దాదాపు ఏమీ ఒరగలేదు. రెండోసారి మా జిమ్ నడిచే తీరే మారింది. ఆ తేడా ఎక్కడొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎవరూ తీసి చూడని లెక్క

నేను చదివింది ఫిజియోథెరపీ. కొన్నాళ్లు ఆసుపత్రిలో పనిచేసి, తర్వాత ఈ జిమ్‌లో క్లబ్ మేనేజర్‌గా చేరాను. రెండు అంతస్తులు, తొమ్మిది మంది ట్రైనర్లు, ఆరువందలకు అటూ ఇటూగా మెంబర్లు. సంక్రాంతి వెళ్లగానే జిమ్ కిటకిటలాడుతుంది. మార్చి నెలాఖరుకు ట్రెడ్‌మిల్స్ ఖాళీగా ఉంటాయి. మన ఊళ్లలో జిమ్ నడిపే అందరికీ ఇది తెలిసిన సంగతే. ఎండాకాలం వస్తే ఎండ కాసినట్టు, మార్చి వస్తే జనం తగ్గుతారని సరిపెట్టుకుంటాం.

దీని వేరు మన ఫీజుల పద్ధతిలో ఉంది. ఏడాది డబ్బు ముందే కట్టించుకుంటాం కాబట్టి, మనిషి వచ్చినా రాకపోయినా ఆ ఏడాదికి మన గల్లాపెట్టెలో తేడా తెలియదు. అందరూ ఒకేసారి వస్తే నిలబడటానికి చోటు చాలదు కదా అని లోలోపల ఊరటపడే ఓనర్లను కూడా చూశాను. నష్టం ఏడాది తర్వాత బయటపడుతుంది. రెన్యువల్ కోసం ఫోన్ చేస్తే ఎత్తరు. మళ్లీ కొత్తవాళ్ల కోసం ఫ్లెక్సీలు, డిస్కౌంట్లు, పండగ ఆఫర్లు.

మా దగ్గర వేలిముద్ర అటెండెన్స్ ఏళ్ల తరబడి ఉంది. ఎవరు ఏ రోజు ఎన్నింటికి వచ్చారో అంతా అందులో ఉంది. జీతాలు లెక్కకట్టడానికి ట్రైనర్ల హాజరు ప్రతి నెలా తీసేవాళ్లం. మెంబర్ల హాజరు ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

ఫిజియోగా నన్ను ఇది మరీ బాధపెట్టేది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన దేశంలో పెద్దవాళ్లలో 49.4 శాతం మందికి 2022 నాటికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2000లో అది 22.3 శాతమే. ఆడవాళ్ల పరిస్థితి మగవాళ్లకంటే అన్యాయం. ఇలాంటి చోట అరవై ఏళ్ల మనిషి ధైర్యం చేసి మన గుమ్మం ఎక్కడమే గొప్ప. ఆయన్ని మూడు వారాల్లో పోగొట్టుకున్నామంటే తప్పు మనదే.

2023: రెండు సంచుల బ్రోచర్లు, ఒక మిషన్

ఫిబో అనేది ఫిట్‌నెస్ రంగానికి సంబంధించి ప్రపంచంలో పెద్ద ప్రదర్శనల్లో ఒకటి. 1985లో జర్మనీలోని కొలోన్‌లో మొదలైంది, మధ్యలో చాలా ఏళ్లు ఎసెన్‌లో జరిగి 2013లో మళ్లీ కొలోన్‌కు వచ్చింది. ఏటా ఏప్రిల్‌లో, గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు. రైన్ నది ఒడ్డున డాయిట్జ్ అనే వైపు ఎగ్జిబిషన్ హాళ్లుంటాయి. నదికి అవతల ఒడ్డున కెథడ్రల్ జంట గోపురాలు కనిపిస్తుంటాయి. నాలుగు రోజుల్లో లక్షమందికి పైగా వస్తారు. మిషన్ల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ప్రొటీన్ పౌడర్లు, గ్రూప్ క్లాసులు, బాడీబిల్డర్లతో సెల్ఫీలు అన్నీ ఒకే చోట.

2023 ఏప్రిల్‌లో నేను, మా ఓనర్‌గారు కలిసి వెళ్లాం. మూడు రోజులు కాళ్లు వాచేలా తిరిగాం. ఫోన్ నిండా ఫొటోలు, రెండు సంచుల నిండా బ్రోచర్లు. చూసిన ప్రతిదీ మనకూ ఉంటే బాగుండుననిపించింది. ఆ ఊపులో ఒక ఎలక్ట్రానిక్ మిషన్‌కు ఆర్డర్ ఇచ్చి వచ్చాం. వచ్చాక నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక సెన్సర్ పోయింది. ఆ పార్ట్ బయట దేశం నుంచి రావాలన్నారు. వారం వారం ఫోన్ చేస్తే వారం వారం “వచ్చేస్తోంది మేడమ్” అనే జవాబు. ఆ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాం. పక్కనుంచి వెళ్లే ప్రతి మెంబర్ ఆ గుడ్డ వంక చూసేవాడు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాం. తిరిగొచ్చాక ట్రైనర్లను కూర్చోబెట్టి ఏం చూశామో చెప్పలేదు. ఫొటోలు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాం, వాళ్లు చప్పట్ల బొమ్మలు పెట్టారు, అంతటితో సరి.

కాగితం మీద ఒక ప్రశ్న

2024లో మళ్లీ వెళ్తానన్నప్పుడు మా ఓనర్‌గారు, “మళ్లీ ఎందుకమ్మా? పోయినసారి తెచ్చినదాని మీద గుడ్డ ఇంకా తీయలేదు” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

“ఈసారి మిషన్ల హాళ్లకు వెళ్లను సార్. ఒక్క ప్రశ్న అడగడానికి వెళ్తాను” అన్నాను.

“అయితే ఆ ప్రశ్నేదో కాగితం మీద రాసివ్వు. జవాబు తెస్తే ఖర్చు క్లబ్ పెట్టుకుంటుంది. లేదంటే సగం నీది.”

నేను రాసిచ్చింది ఇది: కొత్తగా చేరిన మనిషితో మొదటి ముప్పై రోజుల్లో మీ స్టాఫ్ ఏం చేస్తారు? అది ఎవరు చేస్తారు? చేశారని మీకెలా తెలుస్తుంది?

ఆ ప్రశ్నకు తోడుగా మా లెక్క ఒకటి ఉండాలనుకున్నాను. రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి, నేను రెండు సాయంత్రాలు కూర్చుని అటెండెన్స్ తీశాం. 2023 జూన్, జులై, ఆగస్టుల్లో చేరినవాళ్లు 94 మంది. వాళ్లలో నాలుగో నెలలో కనీసం నాలుగుసార్లు వచ్చినవాళ్లు 27 మంది. ఆ అమ్మాయి లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటినుంచి చేసింది. 27 మందే. ఒక్క పేజీలో అది ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను. వెళ్లడానికి నెల ముందు లింక్డిన్‌లో వెతికి, చిన్న పట్టణాల్లో మా సైజు క్లబ్బులు నడిపే మేనేజర్లకు ముప్పై మెసేజ్‌లు పంపాను. ఆరుగురు జవాబిచ్చారు, నలుగురు కలుస్తామన్నారు. పెద్ద చైన్ల జోలికి వెళ్లలేదు. వందల శాఖలున్న కంపెనీ చేసేది మనకు చూడముచ్చటగా ఉంటుంది గానీ తొమ్మిది మంది ట్రైనర్లతో అది చేయలేం.

ప్రయాణం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మొదటిసారి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. షెంగెన్ వీసాకు హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చాను. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా ఫీజు అప్పుడు 80 యూరోలు. 2024 జూన్ నుంచి 90 చేశారు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పొద్దున్న పచ్చడి తిని బయల్దేరి, ఆ రాత్రి హైదరాబాద్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ విమానం ఎక్కాను. ఎయిర్‌పోర్ట్‌ను ఆనుకునే రైల్వే స్టేషన్. హైస్పీడ్ రైల్లో గంటలో కొలోన్. హోటల్ ఎగ్జిబిషన్ దగ్గర తీసుకుంటే ఆ వారం రేట్లు మండిపోతాయి. లోకల్ రైల్లో అరగంట దూరంలో తీసుకోవడం మేలు. టికెట్లు, గది, వీసా, తిండి అన్నీ కలిపి రెండు లక్షల పైచిలుకు అయింది. మా క్లబ్‌కు అది చిన్న మొత్తమేం కాదు.

కాఫీ బల్ల దగ్గర

గురు, శుక్రవారాలే నాకు ముఖ్యం. వారాంతంలో మామూలు జనం పోటెత్తుతారు, ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

గురువారం మధ్యాహ్నం, రెండు హాళ్ల మధ్య నడవలో, నిలబడి కాఫీ తాగే ఎత్తు బల్ల దగ్గర ఒకావిడను కలిశాను. కలుస్తామన్న నలుగురిలో ఒకరు. యాభై ఏళ్లుంటాయి, చిన్న పట్టణంలో క్లబ్ నడుపుతారు, ఇంగ్లిష్ నాలాగే ఆచితూచి మాట్లాడతారు. నా ప్రశ్న అడిగే ముందు నా పేజీ ఆవిడ ముందు పెట్టాను. 94, 27. ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టి కాసేపు చూసి, తన ఫోన్ తీసి తన లెక్క చూపించారు. మన లెక్క మనం దాచుకుంటే ఎదుటివాళ్లు కరపత్రంలో ఉన్న మాటలే చెప్తారు. మన పుండు ముందు మనం చూపిస్తే వాళ్లు తమది చూపిస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఇది నాకు నాలుగుసార్లు రుజువైంది.

ఆవిడ షీట్‌లో ఎంతమంది చేరారనే వరస అసలు లేదు. కొత్త మెంబర్ల పేర్లు, పక్కన వారాలు, ఒక్కో వారానికి ఎన్నిసార్లు వచ్చారో అంకె. ఏడు రోజులు రాకపోతే ఆ గడి ఎర్రబడుతుంది. నాలుగో వారంలో ఇంకా వస్తున్నవాళ్లనే ఆవిడ ‘చేరినవాళ్ల’ కింద లెక్కేస్తారు.

ఎందుకింత పట్టుదల అని అడిగితే ఆవిడ చట్టం సంగతి చెప్పారు. ఇదివరకు జర్మనీలో జిమ్ కాంట్రాక్ట్ గడువు అయ్యేలోపు మెంబర్ రద్దు చేసుకోకపోతే మరో ఏడాదికి దానంతటదే పొడిగించే వీలుండేది. 2022 మార్చి 1 తర్వాత కుదిరిన కాంట్రాక్టులకు ఆ వెసులుబాటు పోయింది. మొదటి గడువు తీరాక మెంబర్ నెల ముందు చెప్పి ఎప్పుడైనా బయటపడొచ్చు. అంటే మర్చిపోయి డబ్బు కట్టే మెంబర్ మీద ఇక క్లబ్ బతకదు. నేను విన్న చర్చల్లో సగం దీని చుట్టూనే ఎందుకు తిరిగాయో నాకప్పుడు అర్థమైంది. మన దగ్గర అలాంటి చట్టమేమీ లేదు. కానీ మన మెంబర్ ఫోన్ ఎత్తకుండా చేసేది కూడా అదే రద్దు.

ఆవిడ చేసేది చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. చేరిన రోజే నాలుగు అపాయింట్‌మెంట్లు, పళ్ల డాక్టర్ దగ్గర ఇచ్చినట్టు తేదీ, టైముతో సహా. నాలుగుసార్లూ ఒకే ట్రైనర్. వారం రోజులు రాకపోతే ఫోన్ చేసేది కూడా ఆ ట్రైనరే. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఆ ఫోన్ చేయకూడదు. చేశారో లేదో సోమవారం పొద్దున్న పది నిమిషాల మీటింగ్‌లో తేలిపోతుంది.

మర్నాడు ఒక హాల్లోంచి దాటిపోతూ ఈజిమ్ అనే మ్యూనిక్ కంపెనీ మిషన్ మీద కూర్చున్నాను. మిషన్ల జోలికి వెళ్లనని మాటిచ్చినా ఇది మాత్రం చూడాలనిపించింది. చేతికి పట్టీ లాంటిదిచ్చారు. దాన్ని మిషన్‌కు చూపిస్తే సీటు దానంతటదే లేచి నా ఎత్తుకు సరిపోయి ఆగింది. బరువు కూడా అదే పెట్టుకుంది. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ సీటు మెల్లగా పైకి లేస్తున్న రెండు మూడు సెకన్లలో నాకు బీచ్ రోడ్‌లో బాబాయిగారు అన్న మాట వినపడినట్టయింది. ఆయనకు కావలసింది ఇదే. ఆయన కొలత గుర్తుంచుకునేది ఒకటుండాలి, రోజూ ఎవర్నీ అడిగే పని ఉండకూడదు.

అలాంటి మిషన్ల వరస మొత్తం పెట్టాలంటే మా శక్తికి మించిన పని. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని ఆలోచించాను: ఆ మిషన్ చేసే పనుల్లో మాకు అవసరమైనది ఏది? గుర్తుంచుకోవడం. ఆ పని అట్టముక్క కూడా చేస్తుంది. అప్పుడే ఓనర్‌గారికి వాయిస్ మెసేజ్ పెట్టాను. వైజాగ్‌లో తెల్లవారుజాము నాలుగైంది, అయినా ఆయన వెంటనే విని, “రా, చేద్దాం” అన్నారు.

పసుపు కార్డు

వచ్చిన మూడో రోజు ట్రైనర్లందర్నీ కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడాను. ఫొటోలు చూపించలేదు, 94, 27 అంకెలు బోర్డు మీద రాశాను. “మిగతా 67 మంది ఎక్కడున్నారు?” అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

కార్డు చేయబోయేసరికి మొదటి అడ్డంకి వచ్చింది. మా మిషన్లలో సగానికి సీటు కమ్మీ మీద రంధ్రాలున్నాయి గానీ వాటికి అంకెలు లేవు. ‘సీటు 4’ అని రాయాలంటే నాలుగు ఏదో తెలియాలి కదా. మా ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ కుర్రాడు, భీమిలి నుంచి రోజూ వస్తాడు, వాళ్ల చెల్లెలి తెల్ల నెయిల్‌ పాలిష్ తెచ్చి ఒక రాత్రి అన్ని మిషన్లకూ రంధ్రాల పక్కన 1, 2, 3 అని చక్కగా అంకెలు వేశాడు. తడి చేతులకూ చెరగలేదు. రెండేళ్లకు దగ్గరపడుతున్నా ఒక్కసారే మళ్లీ దిద్దాల్సి వచ్చింది.

కార్డు అరచేతికి కొంచెం పెద్దది, పసుపు రంగు, లామినేషన్ చేసింది. ఒక్కోదానికి పది రూపాయలు కూడా కాదు. పైన పేరు, ట్రైనర్ పేరు, నాలుగు అపాయింట్‌మెంట్ల తేదీలు. కింద మిషన్ పేరు, సీటు అంకె, పిన్ను ఎక్కడ, ఎన్నిసార్లు. మొదట మిషన్ల పేర్లు ఇంగ్లిష్‌లో వేయించాం. పదకొండు గంటల బ్యాచ్‌కు వచ్చే ఆడవాళ్లే, “లెగ్ ఎక్స్‌టెన్షన్ ఏదో, లెగ్ కర్ల్ ఏదో మాకెలా తెలుస్తుందండీ” అన్నారు. రెండో ప్రింట్‌లో తెలుగులో ‘మోకాలు చాపేది’, ‘మోకాలు ముడిచేది’ అని వేయించాం. అవే పేర్లు మిషన్ల మీదా అంటించాం. ఇప్పుడు ట్రైనర్లు కూడా అలాగే అంటున్నారు.

రెండో అడ్డంకి కార్డుతో పోలేదు. ట్రైనర్ల ఆదాయంలో పర్సనల్ ట్రైనింగ్ కమిషన్ పెద్ద వాటా. మెంబర్ తనంతట తాను చేసుకోగలిగితే పర్సనల్ ట్రైనింగ్ ఎవరు తీసుకుంటారని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. మొదటి మూడు నెలలు ఆ ఆదాయం నిజంగానే పడిపోయింది, ఒక మంచి ట్రైనర్ మానేశాడు. ఓనర్‌గారు అప్పుడు ఒక మార్పు చేశారు: తనకు అప్పగించిన కొత్త మెంబర్ నాలుగో నెలలో ఇంకా వస్తుంటే ఆ ట్రైనర్‌కు కొంత ఇన్సెంటివ్. దాంతో సోమవారం మీటింగ్‌లో మాటల తీరే మారిపోయింది. “మేడమ్, ఆవిడ రావట్లేదంటే వాళ్లబ్బాయికి పరీక్షలు, పదో తారీఖు నుంచి వస్తానంది” అని ట్రైనర్లే చెప్పడం మొదలైంది.

ఫోన్ల విషయంలో నేను పొరబడ్డాను. మొదటి నెలలో ట్రైనర్లకు మెంబర్ల నంబర్లు ఇవ్వడానికి జంకి, రిసెప్షన్ నుంచే ఫోన్లు చేయించాను. జనం దాన్ని ప్యాకేజీ అమ్మే కాల్ అనుకుని కట్ చేశారు. కాఫీ బల్ల దగ్గర ఆవిడ వద్దని చెప్పిన పనే అది. తర్వాత క్లబ్ ఫోన్ నుంచి ట్రైనర్ తన గొంతుతో ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టే పద్ధతి తెచ్చాం. పేరు పెట్టి పిలవాలి, కార్డులో తర్వాత చేయాల్సింది చెప్పాలి, ఫీజు మాట ఎత్తకూడదు. దానికి జవాబులు రావడం మొదలైంది.

2024 జూన్, జులై, ఆగస్టుల్లో చేరినవాళ్లు 88 మంది. నాలుగో నెలలో కనీసం నాలుగుసార్లు వచ్చినవాళ్లు 46 మంది. అంతకుముందు ఏడాది 94లో 27. ఈ తేడా అంతా కార్డుదేనని నేను అనను. అదే కాలంలో ఆడవాళ్ల బ్యాచ్ టైము మార్చాం, పై అంతస్తులో ఏసీలు కొత్తవి వేశాం, అవీ కలిసొచ్చి ఉంటాయి. కానీ మానేసినవాళ్లను కారణం అడిగినప్పుడు ‘ఏం చేయాలో తెలియక’ అనే మాట వినడం బాగా తగ్గింది.

గోడ మీద పచ్చ గుర్తు

నేను వెళ్లిన ప్రశ్నకు సంబంధం లేనిది ఒకటి కూడా తెచ్చుకున్నాను. కొలోన్ హాళ్ల గోడల మీద పచ్చటి బోర్డు, తెల్ల గుండె బొమ్మ, మధ్యలో మెరుపు గీత కనిపించేవి. అక్కడ ఏఈడీ ఉందని గుర్తు. గుండె లయ తప్పి కుప్పకూలిన మనిషి ఛాతీకి ప్యాడ్లు అంటిస్తే షాక్ అవసరమో కాదో ఆ పరికరమే చూసి, ఏం చేయాలో గొంతుతో చెప్తుంది. ఒక స్టాల్ దగ్గర బొమ్మ మీద సీపీఆర్ నేర్పిస్తుంటే వరుసలో నిలబడి చేశాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలి. ఫిజియోగా నాకు తెలిసిన పాఠమే, కానీ చేత్తో చేసి ఎన్నేళ్లయిందో లెక్కేసుకుంటే సిగ్గేసింది.

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ వ్యాయామం తర్వాత అస్వస్థతకు గురై 46 ఏళ్లకే చనిపోయినప్పుడు మా జిమ్‌లో ప్రతి ఒక్కరూ టెన్షన్ పడ్డారు. ఇళ్లల్లో జిమ్‌కు వెళ్లొద్దన్నారు. అప్పుడు మేం చేసిందల్లా ధైర్యం చెప్పడమే. షాక్ అందడం ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో 108 అంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా ఆ నిమిషాలు మన చేతుల్లోనే గడుస్తాయి. 2024 ఆగస్టులో ఏఈడీ కొని రిసెప్షన్ వెనక గోడకు పెట్టాం. గుడ్డ కప్పిన మిషన్‌కు పెట్టినదాంట్లో చిన్న భాగమే అయింది. ట్రైనర్లు, రిసెప్షన్ అమ్మాయి, ఊడ్చే ఆవిడతో సహా అందరికీ ఆరు నెలలకోసారి సీపీఆర్ శిక్షణ. చేరేటప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, బీపీ మందుల గురించి అడిగే పార్-క్యూ ప్రశ్నలను తెలుగులో చదివి వినిపించి రాసుకుంటున్నాం. ఇంతకుముందు ఆ ఫారం మీద సంతకం మాత్రమే పెట్టించుకునేవాళ్లం.

అక్కడ బాగుండి ఇక్కడ నడవనివి

జర్మనీలో గుర్తింపు పొందిన వ్యాయామ కోర్సులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థలు ఫీజులో కొంత తిరిగి ఇస్తాయి. వెన్నునొప్పి ఉన్నవాళ్లు అలా జిమ్‌కు వస్తారు. వింటుంటే నోరూరింది, కానీ మన దగ్గర ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. స్టాఫ్ లేకుండా ఇరవైనాలుగు గంటలూ నడిచే క్లబ్బులు చూశాను. మనవాళ్లకు మనిషి పలకరింపు కావాలి, అది తీసేస్తే మిగిలేది బీచ్ రోడ్డే. నెలనెలా ఫీజు మాత్రం నాకు నచ్చింది. యూపీఐ ఆటోపేతో పెట్టి చూశాం. కుర్రకారు తీసుకున్నారు. పెద్దవాళ్లు, “నెల నెలా ఎందుకమ్మా, ఒకేసారి తీసుకోండి” అంటున్నారు. బలవంతపెట్టలేదు.

మిషన్ల మీద మోజు పడే ఓనర్లకు ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది, మెంబర్లకు మంచిదే. కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కాబట్టి మిషన్ కొన్నప్పుడు కట్టిన పన్ను మనకు తిరిగి రాదు. విదేశంలో స్టాల్ దగ్గర నిలబడి ఆర్డర్ మీద సంతకం పెట్టే ముందు ఇది గుర్తు తెచ్చుకోవాలి.

ఏ కాన్ఫరెన్స్‌కు వెళ్లాలని అడిగేవాళ్లకు నా అభిప్రాయం చెప్తాను. క్లబ్ నిర్వహణే మీ బెంగ అయితే అమెరికాలో ఏటా జరిగే సదస్సు దానికోసమే పుట్టింది. 1981లో ఏర్పడిన ఇర్సా అనే క్లబ్బుల సంఘం దాన్ని నడిపేది. 2024లో ఆ సంఘం హెల్త్ అండ్ ఫిట్‌నెస్ అసోసియేషన్‌గా పేరు మార్చుకుంది. అక్కడ పాఠాలు ఎక్కువ, కానీ వీసా, ఖర్చు రెండూ భారమే. కొలోన్‌లో కూడా ఫిబోకు ముందురోజు క్లబ్ నిర్వాహకుల కోసం యూరోపియన్ హెల్త్ అండ్ ఫిట్‌నెస్ ఫోరమ్ జరుగుతుంది, దానికి టికెట్ వేరే. పెద్ద క్లబ్బుల వాళ్లకు అది బాగుంటుంది. మా సైజు వాళ్లకు కాఫీ బల్లలే చాలనిపించింది. మూడు చిన్న జిమ్‌లు కలిసి ఒకర్ని పంపి, వచ్చాక ముగ్గురి స్టాఫ్‌నూ ఒకచోట కూర్చోబెట్టినా సరిపోతుంది. ఆ కూర్చోబెట్టడం వారంలోపు జరగాలి. రెండో వారంలో అద్దెలు, జీతాలు, ఏసీ రిపేర్లు మళ్లీ మీద పడతాయి.

ఎవర్ని పంపాలన్నది ఇంకా ముఖ్యం. సాధారణంగా ఓనర్ వెళ్తాడు, లేదా మేనేజర్ వెళ్తుంది. మెంబర్ పక్కన రోజుకు ఎనిమిది గంటలు నిలబడేది మాత్రం ట్రైనర్.

బాబాయిగారు 2024 మే నెలలో మళ్లీ వచ్చారు. కార్డు పట్టుకుని నేనే ఇంటికి వెళ్లి పిలిచాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు జిమ్, మిగతా రోజులు బీచ్ రోడ్. ఆయన కార్డు అంచులు అరిగి లామినేషన్ ఊడింది, మొన్ననే రెండోది ఇచ్చాం. పాతది పారేయకుండా జేబులో పెట్టుకున్నారు. ‘మోకాలు చాపేది’ దగ్గర సీటు 4 అలాగే ఉంది, పిన్ను మాత్రం మూడు మెట్లు దిగింది, అంటే ఎత్తే బరువు పెరిగింది.

వచ్చేసారికి మా భీమిలి కుర్రాణ్ని పంపాలని ఓనర్‌గారు, నేను అనుకున్నాం. పోయిన వారం పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చిందని పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. తన ప్రశ్న తానే రాసుకున్నాడు, స్టాఫ్ రూమ్ బోర్డు మీద ఉంది: “అరవై దాటినవాళ్లు మొదటి రోజు బరువు చూసి భయపడకుండా మీరేం చేస్తారు?”